అద్దం ఆరేదాకా

మేడ మీది చిన్న గది. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, ఫ్యాను తిరుగుతోంది. నేల మీద విప్పేసిన టెలిస్కోపు, దాని ముందు వదిన. గుమ్మంలో మరిది.

“సిగ్గుండాలి వదినా. అక్కడ అన్నయ్య ఆపరేషన్ గదిలో ఉంటే, నువ్విక్కడ కూచుని గొట్టం తుడుస్తున్నావా?”

“తుడవట్లేదు. ఆరబెడుతున్నా. ఆ బురద కాళ్ళతో లోపలికి రాకు.”

“అమ్మ ఒక్కతే కూచునుంది ఆస్పత్రిలో. కోడలేదిరా అని అడుగుతోంది.”

“మీ అమ్మ అలా అడిగుండదు. ఆ మహాతల్లి ఎక్కడ చచ్చిందని అడిగుంటుంది.”

“అడిగితే తప్పా? అన్నయ్యని అలా లోపలికి తీసుకెళ్ళారో లేదో, ఇలా మాయమైపోయావు.”

“ఆయనే పంపారు. స్ట్రెచర్ మీంచి నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పారు, వెళ్ళి విప్పి ఆరబెట్టమని. తడి లోపలే ఉండిపోతే అద్దానికి బూజు పడుతుంది.”

“కాలు విరిగినవాడు నొప్పిలో ఏదో వాగుతాడు. నీ బుద్ధేమైంది?”

“అరవకు. ఆ స్క్రూ డ్రైవరు ఇటివ్వు. అది కాదు, చిన్నది.”

“నీకు అందించడానికి రాలేదు నేను.”

“మరెందుకొచ్చావు?”

“దీన్ని తీసుకెళ్ళడానికి. కింద వ్యాను ఉంది. పాత సామాన్లవాడి దగ్గర పడేసి రమ్మంది అమ్మ.”

“ఏంటీ?”

“వినపడిందిగా. అన్నయ్య ఇంటికొచ్చేసరికి ఇది ఇంట్లో ఉండకూడదంది. ఈ దిక్కుమాలిన గొట్టం కోసం వానలో పరిగెత్తబట్టే కదా మెట్ల మీద జారిపడ్డాడు? తల పగల్లేదు, అదృష్టం. జరుగు పక్కకి.”

“ముట్టుకోకు.”

“జరగమన్నానా?”

“ముట్టుకోకన్నానా! అద్దం మీద ఇంకా చుక్కలున్నాయి. ఇప్పుడు కదిపితే మరకలు పడిపోతాయి.”

“పారేసేదానికి మరకైతే ఏంటి, మచ్చైతే ఏంటి? సరే, నీ కోరిక ఎందుకు కాదనాలి, తొందరగా ఆరబెడదాం. అదిగో నీ హెయిర్ డ్రయ్యర్—”

“ఆపు! ఆపు, ఆపెయ్! వేడి గాలి కొడతావా దాని మీద? పూత పాడైపోతుంది.”

“గుడ్డతో ఒత్తెయ్ పోనీ.”

“గుడ్డ పెడితే గీతలు. దానంతటదే ఆరాలి.”

“అబ్బో. మరి మూతలన్నీ ఎందుకు ఊడబీకి పెట్టావు? దుమ్ము పడదూ? అన్నయ్య ఎన్నిసార్లు చెప్పాడు, ముందు మూత పెట్టండి, ముందు మూత పెట్టండి అని!”

“నువ్వు పెట్టబట్టే ఈ గతి పట్టింది. నిన్న దీన్ని లోపలికి తెచ్చి, కారుతున్నదాన్ని కారుతున్నట్టే మూతలు బిగించావు. పైన ప్లాస్టిక్ సంచి తొడిగి తాడు కూడా కట్టావు. లోపలి నీళ్ళు ఎటు పోతాయి? విప్పేసరికి అద్దం మీద ఆవిరి కమ్ముకునుంది, ఉడకబెట్టినట్టు.”

“నేను మంచికే చేశా.”

“దీనికి తగిలించిన కెమెరా స్విచ్చి నొక్కింది కూడా మంచికేనా?”

“పనిచేస్తోందో లేదో చూశా. తప్పా?”

“తడి మీద కరెంటు పంపావు. బోర్డు మాడింది. వాసన చూడు. రా, దగ్గరికొచ్చి చూడు.”

“నేను చూడను. నన్ను దొంగని పట్టుకున్నట్టు నిలదియ్యకు. అన్నయ్య మెట్ల మీద పడి మూలుగుతూ కూడా ‘దాన్ని లోపల పెట్టరా’ అన్నాడని పెట్టాను. లేకపోతే నాకేం పని దీంతో?”

“పని లేకపోతే వదిలెయ్.”

“అసలు నీకెందుకింత ఆరాటం? ఎప్పుడైనా దీని గురించి ఒక మంచి మాటన్నావా? ఎవరడిగినా ‘ఆయన పిచ్చి నాకేం తెలుసు’ అని మూతి తిప్పుకోవడమేగా!”

“అంటాను.”

“మరి ఇప్పుడేంటి? ఆయన మీద ఇంత ప్రేమ ఎక్కణ్ణించి ఊడిపడింది?”

“బ్యాటరీ నీ కాలి పక్కనే ఉంది. తొక్కకు.”

“మాట మార్చకు వదినా.”

“చెప్పుల డబ్బాల్లో తడి పీల్చే తెల్ల గుళికల పొట్లాలు వస్తాయే, అవి కింద అలమరలో ఉంటాయి. చేతనైతే తీసుకురా. కెమెరా పక్కన పెట్టాలి.”

“నీకు చెవుడా? ఇది పోతుంది, ఇవాళే పోతుందంటుంటే... ఉండు, అమ్మ ఫోను. ఆఁ, అమ్మా. అయిపోయిందా? ... డాక్టరేమన్నాడు? ... హమ్మయ్య. ... ఏంటీ? మళ్ళీ చెప్పు. ... అలా అన్నాడా? ... ఏడవకమ్మా. ఏడవకన్నానా. తీసుకెళ్ళిపోతున్నా, ఇదిగో ఇప్పుడే.”

“ఎలా ఉన్నారు?”

“జరుగు, ముందు దీన్ని కిందికి దించనీ.”

“అడిగింది చెప్పవేం? ఎలా ఉన్నారు?”

“రాడ్డు వేశారట. భయం లేదట.”

“అమ్మయ్య. దేవుడా...”

“తెలివి రాగానే మొదటి మాట ఏమన్నాడో తెలుసా? అమ్మ తల నిమురుతూ కూచుంది. అమ్మా అనలేదు. ‘అద్దం బాగుందా’ అన్నాడట! కన్నతల్లి ఎదురుగా ఉంటే! కట్టుకున్న పెళ్ళాం ఎక్కడుందని కూడా అడగలేదు. ... ఏడుస్తున్నావా?”

“లేదు.”

“ఏడువు. ఏడవాల్సిందే. దీని ముందు మనమెవరం లెక్కలేదు అన్నయ్యకి. చుక్కల పిచ్చోడు, చుక్కల పిచ్చోడు అని వీధంతా నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. ఇది పోతే గానీ మనిషవడు. నీ మేలు కోరే చెప్తున్నా, లే.”

“కింద పెట్టు ఆ గొట్టాన్ని.”

“పెట్టను.”

“కింద పెట్టు, చేతులు జారతాయి. అది మీ అన్నయ్యది కాదు.”

“మరెవరిది? పక్కింటాయనదా?”

“నాది.”

“ఏంటీ?”

“నాది. పెళ్ళికి ముందు ఉద్యోగం చేస్తూ కొనుక్కున్నా. కాపరానికొచ్చిన కొత్తలో మీ అమ్మ సామానంతా విప్పించి, ‘ఈ గొట్టమెవరిది’ అని గద్దించింది. నేను నోరు తెరిచేలోపే ఆయన ‘నాదేనమ్మా’ అన్నారు. ఇంక అంతే, ఆ పూట నుంచి అది ఆయనదే.”

“అబద్ధం. రోజూ మేడెక్కేది అన్నయ్య!”

“ఇద్దరం ఎక్కుతాం. ఆయన గోడకానుకుని రేడియో వింటారు, లేకపోతే కునుకు తీస్తారు. మీ అన్నయ్యకి చంద్రుడు తప్ప ఇంకోటి గుర్తుపట్టడం రాదు. అదీ నిండుగా ఉంటేనే. కావాలంటే వెళ్ళి అడుగు.”

“మరి... అమ్మ అన్ని మాటలన్నా కిక్కురుమనకుండా...”

“నేను చెప్పేస్తానని ఎన్నిసార్లు గొడవ పెట్టుకున్నానో నీకేం తెలుసు? ‘నాదంటే అమ్మ రెండు తిట్టి అన్నం పెడుతుంది, నీదంటే నిన్ను దీన్ని ముట్టుకోనివ్వదు’ అనేవారు. నిన్న కూడా కెమెరా తనంతట తనే ఫోటోలు తీస్తోంది కదా అని, తలనొప్పితో కిందికొచ్చి పడుకున్నా. చినుకు పడగానే నేను లేవబోతే, ‘నువ్వుండు’ అని ఆయన పరిగెత్తారు.”

“వదినా...”

“పెళ్ళాం ఎక్కడుందని అడగలేదన్నావు కదూ. అడిగారు. మీ అమ్మ ఎదురుగా ఉంది కాబట్టి, అద్దం పేరు చెప్పి అడిగారు.”