చెత్తబండి వెనకాల గ్వో టీచరమ్మ

బానరా? కట్టుకో అమ్మాయ్, నాదేం పోయింది. ఆ బాల్కనీ ఊచలకి కట్టుకో. మా ఆవిడ బట్టలారేసుకునే వైపు మాత్రం వదిలెయ్, లేకపోతే నీకు పడే రెండు ఓట్లలో ఒకటి ఇక్కడే పోతుంది. ఏ పార్టీ అన్నావు? ఏటిగట్టు పార్టీనా? ఓరి నాయనో, అదింకా ఉందా! వెటకారం కాదులే, నిజంగానే అడుగుతున్నా. కూర్చో, టీ పోస్తాను. మీ పార్టీ తరఫున ఈ చియాయి ఊళ్ళో మొట్టమొదట నిలబడ్డావిడ ఎవరో తెలుసా నీకు? గ్వో చిన్-యే. గ్వో టీచరమ్మ. ఏంటీ, మీ ఆఫీసు గోడ మీద ఫోటో ఉందా? మంచిదే. ఫోటోలో నవ్వుతోందా? అయితే అది ఆవిడో కాదో ఓసారి చూసుకోండి.

నేనప్పుడు చెత్తబండి డ్రైవర్ని. ఆఁ, ఈ వీధే, మార్కెట్ వెనకాల కాలువ పక్కన వీధి. చెత్త తెచ్చుకోండని జనానికి తెలిసేలా నేను ముందు పాట పెట్టుకుని తోలేవాణ్ణి, వెనకాల మెట్టు మీద సంచులందుకునే అ-ఫూ నిలబడేవాడు. ఆ పియానో పాట వినీ వినీ నాకు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎవడైనా పియానో వాయిస్తే కాలు బ్రేకు మీదకి పోతుంది. సరే, ఏం చెబుతున్నా? ఆ, కాలువ. ఈ కాలువ మీద కాంక్రీటు పలకలు పరిచి, మూసేసి, పైన పార్కింగు చేస్తామన్నారు. ఎందుకయ్యా అంటే కంపు. కంపు నిజమే, నేను కాదనను. పెద్ద పార్టీలు రెండూ దేనికీ కలవవు కదా, దీనికి మాత్రం కలిశాయి. వంతెనకి ఆ పక్క ఒక బానరు, ఈ పక్క ఒక బానరు, రెండింటి మీదా 'మీ పార్కింగు తెచ్చింది నేనే'. టీచరమ్మ బళ్ళో సైన్సు చెప్పి రిటైరైంది, ఇల్లు కాలువ ఒడ్డునే. మూస్తే నీళ్ళు చచ్చిపోతాయి, ఒకసారి మూసింది మళ్ళీ ఎవడూ తెరవడు అనేది. అందుకే సిటీ ఎన్నికల్లో నిలబడింది. ఇంకేం లేదు, ఆ కాలువ కోసమే.

నిలబడ్డం బాగానే ఉంది. జెండాలు పాతండి అంటే, ఎన్నికలయ్యాక ఆ వెదురుకర్రలన్నీ ఎక్కడికి పోతాయి అంటుంది. కాగితపు చేతిరుమాళ్ళ పొట్లాలు పంచండి, అందరూ పంచుతున్నారు అంటే, దాని మీద ప్లాస్టిక్కు ఎవరు తింటారు అంటుంది. మైకు బండి వద్దు, పొగ. టపాకాయలు వద్దు, అదీ పొగే. పార్కులో మీటింగు పెడితే ఏడుగురు వచ్చారు, అందులో ముగ్గురు ఆ జాగా ఎప్పుడు ఖాళీ అవుతుందా, డాన్సు చేసుకుందామా అని నించున్న ఆడవాళ్ళు. ఇక రంగు సంగతి. పచ్చగా ఉండాలని పార్టీ పెట్టుకున్నారు, ఆకుపచ్చేమో ఒక పెద్ద పార్టీ ఎప్పుడో పట్టుకుపోయింది. నీలం ఇంకోడిది. నారింజ, పసుపు కూడా ఎవరెవరో ఎత్తుకుపోయారు. చివరికి ఎక్కడో మిగిలిపోయిన సరుకు, బూడిద రంగు చేతుల్లేని కోట్లు, వెనకాల మెరిసే పట్టీలున్నవి, చవగ్గా కొనుక్కున్నారు. సాయంత్రం పూట స్కూటర్ల మధ్య నడవాలి కదా, మంచిదే అనుకున్నారు పాపం.

అప్పుడు ఆవిడకో ఆలోచన తట్టింది. ఈ వీధి జనమంతా తలుపులు తీసుకుని, మెట్లు దిగి, చెప్పులేసుకుని, ఒక్కచోట నిలబడేది ఎప్పుడు? చెత్తబండి వచ్చినప్పుడు. ముసలివాళ్ళూ, పిల్లలూ, మొగుడితో మాటల్లేనివాళ్ళూ, అందరూ. మంచి ఆలోచనే. మర్నాడు వీధి చివర నిలబడి నా బండి ఆపింది. 'త్సాయ్ గారూ, మీ బండి వెనకాల నడుస్తాను' అంది. నేను గబగబా కిందికి దిగాను. అమ్మా, ఇది సిటీ బండి, దీని దగ్గర ఓటు మాటెత్తితే నా ఉద్యోగం ఊడుతుంది అన్నాను. 'అయితే ఎత్తను' అంది. వేరే ఎవరైనా అయితే ఎత్తకుండా ఉంటారా? రెండో రోజుకే మొదలెడతారు. ఈవిడ ఎత్తలేదమ్మా. నెలల తరబడి ప్రతి సాయంత్రం వచ్చింది, ఓటు అన్న మాట ఒక్కసారి నోట్లోంచి రాలేదు. బ్యాలెట్ నంబరు చెప్పలేదు, పార్టీ చెప్పలేదు. అ-ఫూగాడికి ఆవిడ ఓడిపోతుందని భయమేసి, 'అన్నా, ఆవిడకి చెప్పు, నేను అటు తిరిగి నించుంటాను, ఆ ఒక్క ముక్కా అనెయ్యమను' అన్నాడు. అడిగాను కూడా. నా వైపు ఎలా చూసిందంటే, నేను మళ్ళీ మూడో క్లాసులోకి వెళ్ళిపోయాను.

మరి ఏం చేసేదీ అంటావా? సంచుల్లో చెయ్యి పెట్టేది. వండిన తిండి పందులకి, పచ్చి తొక్కలు ఎరువుకి, సీసాలు వేరే, మూతలు వేరే. అప్పుడప్పుడే వచ్చిన పద్ధతి, ఎవడికీ సరిగ్గా తెలీదు, తెలిసినవాడు చెయ్యడు. 'ఈ చేప ముల్లు పంది మింగాలా? మింగి మీ ఇంటికొచ్చి చెప్పాలా?' అనేది. కాలువలో పారబోస్తున్నారా అని ఒక్కొక్కణ్ణీ నిలదీసేది. మూలన కంపు కొట్టేలా ఊరేసిన సోయా టోఫు వేయించే హువాంగ్ ఉన్నాడు చూడు, వాడు రోజూ నూనె తెచ్చి కాలువలో పోసి, కాలువ కంపు కొడుతోంది, బేరాలు పోతున్నాయి, మూసెయ్యండి అని అర్జీలు పెట్టేవాడు. వాణ్ణి పట్టుకుంది. 'నూనె డబ్బాలో పట్టి బండికి ఇవ్వు. రేపు నేను చూస్తాను.' అంతే. వాడు మర్నాడు డబ్బా రెండు చేతులా పట్టుకుని, వంగి మరీ ఇచ్చాడు. ఎందుకంటావ్? నవ్వకు మరి. వీధి వీధంతా ఆవిడ మా సిటీ చెత్త ఆఫీసు మనిషి అనుకుంది. మా వాళ్ళ కోటు లాంటి బూడిద కోటు, మెరిసే పట్టీ, ఆ మొహం. టీచరమ్మ రిటైరయ్యాక ఆఫీసులో ఇన్‌స్పెక్టరుగా చేరింది, జరిమానా రాసేస్తుంది అనుకున్నారు. వీధిదీపం వెలగట్లేదని ఆవిడకే చెప్పుకునేవారు. వెలిగించేది కూడా, ఎవర్ని పట్టుకునేదో ఏమో.

ఇలా సాగుతూ ఉండగా ఒకరోజు అ-ఫూ ముక్కు ఎగబీల్చి, 'అన్నా, వాసన ఏదీ?' అన్నాడు. నిజమే, కాలువ అడుగున రాయి కనబడుతోంది. బూడిద రంగు కొంగ ఒకటి వచ్చి, హువాంగ్ కొట్టు వెనకాల పైపు మీద కూచుంది. ఆవిడ దాన్ని చూసింది. చేతి తొడుగు తీసి జేబులో పెట్టుకుని చాలాసేపు నించుంది, మా బండి ముందుకెళ్ళిపోయినా చూసుకోలేదు.

ఎన్నికలొచ్చాయి. నేను వేశానా అని అడగబోతున్నావు, తెలుసులే. నా ఓటు మా ఊళ్ళో, పింగ్‌తుంగ్‌లో. అక్కడ చచ్చు సన్నాసి ఒకడికి వేసొచ్చాను, వాడు గెలిచాడు. ఇక్కడ ఈవిడకి డిపాజిట్ గల్లంతు. ఈ వీధి పోలింగు బూతులో ఎన్నొచ్చాయో చెబితే నువ్వు బానరు విప్పుకుని పోతావు, వద్దులే.

ఓడినా గెలిచినా మర్నాడు తిరిగి దణ్ణాలు పెట్టాలి కదా, ఓటేసినందుకు. మిగతావాళ్ళు ట్రక్కులెక్కి మైకుల్లో ఏడుస్తూ తిరిగారు. ఈవిడ మా బండి వెనకాలే వచ్చింది. ఇప్పుడు ఎన్నికలయిపోయాయి, చెప్పచ్చు కదా! భుజానికి ఎర్ర పట్టీ, దాని మీద ఇంతింత అక్షరాలతో పేరు, నంబరు, పార్టీ. ఒక్కొక్క మలుపు దగ్గరా నడుం విరిగేలా వంగి 'ధన్యవాదాలు' అంటోంది. అందరూ సంచులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. 'టీచరమ్మా, ఏంటిది? మీరు నిలబడ్డారా? ఎప్పుడు?' 'మీరు ఆఫీసు కాదా?' వార్డు పెద్ద లియావ్ అయితే పట్టీ మీది పేరు రెండుసార్లు చదువుకున్నాడు. పార్కింగు కోసం ఎక్కువ తిరిగింది ఆయనే. అప్పుడు హువాంగ్ వచ్చి, వాడి మొహం చూడాలి, 'ఒక్క మాట చెప్పుంటే మా ఇంట్లో ఓట్లన్నీ మీవే కదమ్మా! వచ్చేసారి చూడండి, మీ పేరే రాసి పెట్టుకుంటాం' అన్నాడు. ఆవిడ పట్టీ సర్దుకుంటూ, 'వచ్చేసారికి కాలువ ఉండదు హువాంగ్' అంది. కోపంగా కాదు. పాఠం చెప్పినట్టు అంది. నేను మాత్రం పాట ఇంకోసారి మొదటినించీ పెట్టాను, ఏం చెయ్యాలో తెలీక.

అసలు సంగతి ఇప్పుడు చెబుతా, టీ తాగు. మర్నాడు ఆవిడ రాలేదు. జనం వచ్చారు. ఆఫీసు మనిషి కాదని తెలిసిపోయిందిగా! సంచుల్లో అన్నీ కలిపేసి తెచ్చారు. ఆ మర్నాడు కూడా అంతే. కాలువలో కోడి ఈకలు తేలాయి. నూనె డబ్బా రాలేదు. కొంగ లేదు. ఆ వారంలోనే సిటీ ఇంజినీర్లు కాలువ చూసి సంతకం పెట్టడానికి వస్తున్నారు. కంపుంటే పలకలు, అంతే లెక్క. అ-ఫూ మెట్టు మీద నించుని ఒక్కొక్కణ్ణీ చూస్తున్నాడు గానీ వాడి మాట ఎవడు వింటాడు?

మూడో రోజు సాయంత్రం మలుపు తిరిగేసరికి, గోడవారగా టీచరమ్మ. ఎర్ర పట్టీ లేదు. బూడిద కోటు, చేతి తొడుగులు, అదే మొహం. తిన్నగా హువాంగ్ దగ్గరికెళ్ళి, 'నూనె డబ్బా ఏదీ?' అంది. అమ్మాయ్, ఆ నిమిషం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. వాడికి తెలుసు. వాడికి తెలుసని ఆవిడకి తెలుసు. వీధికంతా తెలుసు. నువ్వెవరు నన్నడగడానికి అని ఒక్కడంటే చాలు, అయిపోయినట్టే. నేను పాట ఆపేశాను, రూలు ప్రకారం ఆపకూడదు. హువాంగ్ అటూ ఇటూ చూశాడు. తర్వాత తల వంచి, 'తప్పయింది మేడమ్, లోపలుంది, తెస్తాను' అన్నాడు. అంతే, వెనకాల ఒక్కొక్కరూ సంచులు విప్పుకుని, అక్కడే నేల మీద కూచుని ఏరుకోవడం మొదలెట్టారు. లియావ్ వార్డు పెద్ద గుమ్మంలో నించుని చూసి, లోపలికెళ్ళి తన సంచి కూడా తెచ్చుకున్నాడు.

ఇంజినీర్లు ముక్కులకి గుడ్డలు పట్టుకుని వచ్చారు. కాసేపయ్యాక తీసేశారు. 'కంపు అన్నారు?' అని అడిగితే లియావ్, ఆ పార్కింగు మనిషే, 'అది పాత మాట సార్. ఇక్కడ ఆఫీసు మేడమ్ ఒకావిడ ఉంది, చాలా కఠినం' అన్నాడు. 'ఏ ఆఫీసు?' అన్నారు. ఆయన ఆకాశం కేసి చూశాడు. వాళ్ళలో వాళ్ళు, మీ శాఖేమో, కాదు మీదేమో అనుకుని, వచ్చే ఏడాది చూద్దాం అని రాసుకుపోయారు. ప్రతి ఏడాదీ అదే రాసుకుపోతున్నారు. నువ్వు వస్తూ దాటొచ్చిన నీళ్ళు అవే.

మళ్ళీ నిలబడలేదావిడ. అడిగారు, వచ్చి మరీ అడిగారు. ఆవిడే వద్దంది. నిలబడితే నా మాట వినరు అంది. పోయేదాకా వచ్చింది ఆ కోటుతోనే, చివరి రోజుల్లో కర్ర ఊతంతో. నువ్వెవరని ఆవిణ్ణి ఒక్కడూ అడగలేదు. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు అడిగితే, 'ఆఫీసు, జాగ్రత్త' అని చెప్పేవారు. పోయిన మర్నాడు బండి వెళితే, అందరూ సంచులు పట్టుకుని నించున్నారు, ఒక్కరూ వెయ్యరే! బరువుగా ఉందా, పట్టుకుని అలాగే. ఎవరో ఒకరు విప్పి చూస్తే గానీ వెయ్యకూడదన్నట్టు. అ-ఫూ దిగాడు. వాడెప్పుడూ దిగడు. దిగి, మొదటి సంచి తీసుకుని, విప్పి, లోపలికి చూసి… వాడికి కనబడితేగా, కళ్ళ నిండా…

ఊఁ.

అదిగో, పాట. లే, లే, ఆ చెత్తసంచి అందుకో, రెండు నిమిషాలు కూడా ఆగడు ఈ కొత్త డ్రైవరు కుర్రాడు. ఆ సీసా అలాగే వేస్తావేంటి? మూత తియ్యి. విడిగా, మూత విడిగా!