బుద్ధుడి అరచేతిలో

బుద్ధుడి బొమ్మ సంగతి తర్వాత రాసుకోండి ఎస్సై సార్. నెల్లూరు ఆసుపత్రి నుంచి ఫోనేమన్నా వచ్చిందా? మా తమ్ముడు మధుబాబు కళ్లు తెరిచినాడా? ముందు అది చెప్పండి.

చెప్పరా? సరే, రాసుకోండి. పేరు పెంచలయ్య. తోటపల్లి గూడూరు మండలం. రొయ్యల గుంటలు నాకు.

నా గుంటా మధుబాబు గుంటా ఒకే కాలవ మీద ఉండాయి. ఎవరి గుంటలో తెల్లమచ్చ తెగులొచ్చినా ఆ నీళ్లు కాలవలోకి వదలకూడదు. పక్కోళ్లకి చెప్పాల. అది మా కట్టుబాటు. పోయిన వారం నా రొయ్యలన్నీ చచ్చి తేలినాయి. ఇంకెవరు, వాడే వదిలుంటాడనుకున్నా. వాడేమో వదల్లేదంటాడు.

ఆ బుద్ధుడా? వినీల అని ఒకమ్మాయి తెచ్చి తుఫాను షెల్టర్లో పెట్టింది. కళంట! బుద్ధుడి అరచేతిలో మన చెయ్యి పెడితే లోపలి మిషను నాడి చూస్తాది. మనసు నెమ్మదిగా ఉంటే గోడ మీద వెలుతురుతో తెల్ల తామర విచ్చుకుంటాది. లేదంటే గోడంతా ఎర్రబడతాది. ఊపిరి గమనిస్తా కూర్చోండి, నెమ్మదిస్తారు అని ఆ అమ్మాయి చెప్తానే ఉండింది. ఎవరిన్నారు? మావోళ్లు చెప్పులు బయట విడిచి దాని మీద ప్రమాణాలు మొదలుపెట్టినారు. ఎరుపొచ్చిందా, అబద్ధమే.

నేనే లాక్కొచ్చినా సార్ వాణ్ణి. ఊరంతా చుట్టూ నిలబడింది. వాడు చెయ్యి పెట్టినాడు. గోడ ఎర్రబడింది.

"భయమేస్తాంది అన్నా, అంతే" అన్నాడు.

నా చేతిలో గుంట నీళ్లకి గాలి కొట్టే ఏరేటరు ఇనప రాడ్డుండింది. మొదటి దెబ్బ భుజమ్మీద. రెండోది తల మీద. మూడోది ఎందుకు కొట్టినానో నాకే తెలీదు. పడిపోయినాక గూడా తన్నినా. అడ్డమొచ్చిన వినీలని తోసేసినా. అది నిజం చెప్పే మిషను కాదు, ఇంతమంది మీద పడితే ఎవరి గుండె దడదడలాడదు అని ఆ అమ్మాయి ఏడస్తా అరిచింది.

అంబులెన్సు వాణ్ణి తీసుకుపోయింది. జనమంతా దాని వెనకాలే పోయినారు. నా దగ్గరికొచ్చే ధైర్యం ఎవరికుంది? కాసేపు ఆడే కూర్చున్నా. తర్వాత లేచి, నెత్తురు కడక్కుండానే, నా చెయ్యి ఆ బుద్ధుడి చేతిలో పెట్టినా.

తెల్లగా విచ్చుకుంది సార్. ఒక్కో రేకూ నిదానంగా. ఎక్కడా ఎరుపు చుక్క లేదు.

మిషను చెడిపోయిందనుకుంటున్నారా? లేదు సార్. అప్పుడు నాకు నిజంగానే హాయిగా ఉండింది. తోడబుట్టినోణ్ణి నెత్తురు మడుగులో పడేసి, హాయిగా కూర్చోనుండినా. అందుకే పగలగొట్టినా దాన్ని. రాసుకోండి.