బొచ్చు ఆరేదాకా

నా పేరు, చిరునామా పైన రాసుకున్నారు కనుక మళ్ళీ చెప్పను. వయసు యాభై తొమ్మిది. వృత్తి గడియారాల రిపేరు. వీధిలో అందరూ గడియారాల బాబాయి అంటారు. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. కాపురం అంటే నేనొక్కణ్ణే. ఒక పెద్దావిడను, ఆవిడ కుక్కను నా ఇంట్లో దాచానని ఆవిడ కొడుకు ఫిర్యాదు ఇచ్చాడనీ, జరిగింది జరిగినట్టు చెప్పమనీ అన్నారు. చెబుతున్నాను.

నిన్న పొద్దున ముసురు పట్టి ఉంది. ఆవిడ ఎన్ని గంటలకు వచ్చిందని అడిగారు. నా కొట్లో గోడ మీద ఉన్నవన్నీ బాగుకు వచ్చిన గడియారాలు. ఒక్కోటి ఒక్కో మాట చెబుతుంది. అప్పుడే షట్టరు ఎత్తి, టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నా కుర్చీలో ఆవిడ కూర్చుని ఉంది. డెబ్బై దాటి ఉంటుంది. ఒళ్ళో తెలుపూ గోధుమరంగూ కలిసిన తడి మూట ఒకటి ఉంది. మూట తుమ్మింది. అప్పుడు కుక్క అని తెలిసింది.

"తువ్వాలు తేరా తమ్ముడూ. వీడు తడిసిపోయాడు," అంది.

నేను ఆవిడ తమ్ముణ్ణి కాను. ఆవిడను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అయినా తువ్వాలు తెచ్చాను.

"ఎవరమ్మా మీరు? ఇల్లెక్కడ?" అని అడిగాను.

"ఇల్లెక్కడికీ పోదులే. ముందు వీణ్ణి ఆరబెట్టు," అంది.

కుక్క మెడపట్టీ మీద ఏమీ రాసి లేదు. పక్కనున్న లాండ్రీ ఆవిడను పిలిచి చూపించాను. ఎవరో తెలియదంది. కుక్క ఆరాక ఇద్దర్నీ మీ స్టేషనుకు తీసుకువద్దామనుకున్నాను.

ఆ జాతిని షిట్జూ అంటారట. ముక్కు ఎవరో బొటనవేలితో లోపలికి నొక్కినట్టు ఉంటుంది. నేను తువ్వాలుతో రుద్దబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"రుద్దితే బొచ్చు అట్టకట్టేస్తుందిరా. ఒత్తు. అద్దినట్టు ఒత్తు. ఫాను దూరంగా పెట్టు."

ఆవిడ సంచిలో దువ్వెన, దూది, రిబ్బను తప్ప ఇంకేమీ లేవు. దువ్వెన నాకిచ్చింది. పాయలు పాయలుగా విడదీసి, కొసల దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలంది. లోపలి చిక్కు వదిలేస్తే చర్మం పాడవుతుందంది. దువ్వాను. చేయి పెట్టి చూశాను. ఆరలేదు.

"కాపలాకి పనికొస్తాడా అక్కా?" అన్నాను. అక్కా అని ఎందుకన్నానో తెలియదు.

"వీడా? దొంగొస్తే వాడి ఒళ్ళో ఎక్కి కూర్చుంటాడు. మనిషి పక్కన ఉండటమే వీడి ఉద్యోగం. ఎండకి మాత్రం ఆగలేడు. ముక్కు పొట్టిది కదా, ఊపిరాడదు."

కుక్క కుడికన్ను ఆర్పుతూ ఉంది. ఆ కళ్ళు బయటికి ఉంటాయి కాబట్టి ఊరికే నలుసు పడుతుందని చెప్పింది. పని చేసుకునే భూతద్దం పెట్టుకుని చూశాను. ఆ కంటిలో నా కొట్టు మొత్తం ఉంది. తలుపు, వాన, ఆవిడ, నేను, అందరం తేనెలో తేలుతున్నట్టు ఉన్నాం. మూలన ఒక వెంట్రుక ఉంది. తడి దూదితో తీశాను. తీశాక కూడా చూస్తూనే ఉన్నాను. ఎంతసేపో చెప్పలేను.

తర్వాత కుక్క గురక పెట్టింది. కాసేపటికి ఆవిడా కళ్ళు మూసుకుంది. ఒక మనిషి చేతి గడియారం కోసం వస్తే, నోటి మీద వేలు పెట్టి తర్వాత రమ్మన్నాను. చేయి పెట్టి చూశాను. చెవుల వెనక ఇంకా తడి అనుకున్నాను. నిజం చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. చెవుల వెనక తడి ఎప్పుడో ఆరిపోయింది.

మధ్యాహ్నం ఆవిడ కొడుకు వచ్చాడు. వెతుక్కుంటూ ఈ వీధికి వస్తే లాండ్రీ ఆవిడ చెప్పిందట.

"పొద్దుట్నుంచీ లోపల కూర్చోబెట్టుకున్నావా? వాగులూ వంకలూ వెతుకుతున్నామయ్యా ఆవిడ కోసం!" అని అరిచాడు.

ఆవిడ లేచింది. "ఎవరు బాబూ నువ్వు? మెల్లగా మాట్లాడు. వీడు నిద్రపోతున్నాడు," అంది.

అతను గుమ్మం మెట్టు మీదే కూలబడ్డాడు. "అమ్మా, నేనే," అన్నాడు. ఆవిడ నా వైపు చూసింది.

కుక్క ఆవిడ చేతుల్లోంచి దిగింది. నా దగ్గర పొద్దుటినుంచీ ఒక్కసారి కూడా మొరగనిది, అతని చుట్టూ తిరుగుతూ కుయ్యి కుయ్యిమని ఏడ్చింది. ఆవిడ చాలాసేపు చూసింది.

"వీడు ఇంతగా ఏడుస్తున్నాడంటే నువ్వు మా ఇంటివాడివే అయ్యుంటావు. పద," అంది.

అయితే కుక్కకు కళ్ళ మీద పడే జుట్టు కట్టనిదే కదలనంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని రిబ్బను కట్టాడు. వంకరగా వచ్చింది. బాగుందంది ఆవిడ. వెళ్ళేటప్పుడు అతను నా మొహం చూడలేదు.

మీకు కబురు చేయకపోవడం నా తప్పు. నా కొట్లో అంత హాయిగా గడిచిన పూట అతను వాగుల వెంట తిరిగాడు. రాత్రంతా నాకు అదే తలపు.

ఆవిడ మళ్ళీ వస్తే ఏం చేస్తావని అడిగారు. తలుపు తీస్తాను. నంబరు మీరిచ్చారుగా, వెంటనే కొడుక్కి ఫోను చేస్తాను. నెమ్మదిగా రమ్మని చెబుతాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నా మాట నా మాటలాగే ఉంది. ఎవరూ చెప్పించింది కాదు, నిజం.

(సంతకం)