డాడీ స్నానం చేస్తున్నాడు

“ఆంటీ, మా మామగారు పోయారని బాబుకి చెప్పొద్దంటున్నారు అందరూ. మీ అన్వికి వాళ్ళ నాన్న సంగతి ఎవరు చెప్పారు?”

నేనే చెప్పానమ్మా. ఇంకెవరు చెబుతారు, అందరూ నోళ్ళు మూసుకుని కూర్చుంటే! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది నాకు.

మా పెద్ద... కాదు, చిన్నల్లుడు రవి. ఇక్కడే, మన ఊళ్ళో, నేపర్‌విల్‌లోనే. ఆఫీస్ నుంచొస్తూ, రైలు దిగి కార్ దాకా నడుస్తూ పడిపోయాడు. గుండె. అంతే. అన్వికి ఆరేళ్ళు. ఇక చూడూ, ఇల్లంతా జనం. మంచివాళ్ళే, కాదనను, వంతులేసుకుని వంటలు చేసి తెచ్చారు. ఆ వంకాయ కూర తిని తిని మొహం మొత్తిందనుకో. పిల్ల విషయం వచ్చేసరికి మాత్రం అందరూ ఒక్కటై, ‘డాడీ ఇండియా వెళ్ళాడని చెబుదాం ఆంటీ, చిన్నపిల్ల, తట్టుకోలేదు’ అన్నారు. దహనం రోజున చేతికి ఐప్యాడ్ ఇచ్చి ఎవరింటికో పంపేశారు. మా అమ్మాయి శ్రావణి అప్పుడు మనిషి మనిషిలో లేదు, ఎవరేమన్నా తలూపింది. రవి వాళ్ళన్న అస్థికలు ఇండియా తీసుకెళ్ళాడు కదా, మరి అబద్ధమెలా అవుతుందీ అని ఒకాయన నాతోనే వాదన! చదువుకున్నవాడమ్మా!

శనివారం వచ్చిందంటే ఇండియాకి వీడియో కాల్. మేమీ దేశం వచ్చిన కొత్తలో ఫోన్ కార్డు కొనుక్కుని, నిమిషాలైపోతాయని గబగబా మాట్లాడి పెట్టేసేవాళ్ళం. ఇప్పుడు ఊరికే వస్తోందిగా, ఎంతసేపైనా! ‘నానమ్మా, ఫోన్ డాడీకి ఇవ్వు’ అనేది ఇది. అక్కడ ఆ వదినగారు, కన్నకొడుకుని పోగొట్టుకున్న మనిషి, ‘స్నానం చేస్తున్నాడమ్మా’ అనాలి. పై వారం ‘బజారుకెళ్ళాడు’ అనాలి. తల్లిచేత చెప్పించే మాటలేనా అవి? సిగ్గుండక్కర్లా?

ఓ రోజు కాల్ అయ్యాక అన్వి నా కొంగు పట్టుకుని, ‘అమ్మమ్మా, డాడీ నా మీద మ్యాడా? అందుకే ఫోన్‌కి రావట్లేదా?’ అంది. అంతేనమ్మా, ఇక నేనెవర్నీ అడగలేదు. శ్రావణిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేశా. ‘డాడీ చచ్చిపోయాడు తల్లీ. గుండె ఆగిపోయింది. ఇంక రాడు. నువ్వేం చెయ్యలేదు, నీ వల్ల కాదు’ అని. నిద్రపోయాడనీ, చుక్కైపోయాడనీ ఆ కబుర్లేం చెప్పలా. రేపు ఇది పడుకోవాలంటే భయపడదూ?

ఏడ్చింది. తల్లీ పిల్లా పట్టుకుని ఏడ్చారు. ఏడవనిచ్చా. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని ఏమందో తెలుసా? ‘పూర్ నానమ్మ! డాడీ ఇంట్లోనే ఉన్నాడనుకుంటోంది. నానమ్మకి ఎవరూ చెప్పలేదా?’

అక్కడ టైమెంతో కూడా చూడకుండా తనే ఫోన్ చేసింది. ‘నానమ్మా, నీకో శాడ్ థింగ్ చెప్పాలి. డాడీ బజార్‌లో లేడు. చచ్చిపోయాడు. నువ్వు ఏడువు, నేను ఫోన్ పెట్టెయ్యను’ అంది. పాపం, ఆవిడ భోరుమంది.

ఇంటికెళ్ళి బాబుకి చెప్పమ్మా. ఏడిస్తే ఒళ్ళో కూర్చోబెట్టుకో, నీకు ఏడుపొస్తే నువ్వూ ఏడువు. చల్లగా ఉండండి. ఎవరైనా అడ్డొస్తే ఇటు పంపించు, వాళ్ళ సంగతి నేను...