మీ తాత కొన్న మేలిరకం తుపాకీ

ఎంతన్నావ్? మళ్ళీ చెప్పు. వినపడక కాదే, నమ్మలేక అడుగుతున్నా. వచ్చిన స్కాలర్‌షిప్ అంతా ఆ తుపాకీల పుస్తకంలో సున్నా చుట్టిన ఒక్క తుపాకీకేనా? మూడు నెలల్లో సెలక్షన్లు పెట్టుకుని, పెల్లెట్లకి, అదే గుండ్లకి మిగలక, కోచ్‌కి మిగలక, మరి దాన్నేం చేస్తావ్, పక్కలో పడుకోబెట్టి జోకొడతావా? అచ్చం మీ తాత! పోయి ఇరవై రెండేళ్ళయింది, ఆ మనిషి తిక్క మాత్రం ఈ ఇల్లు వదల్లేదు. కూర్చో, కూర్చో, తుపాకీల కొట్టెక్కడికీ పారిపోదు.

మీ తాత గడియారాలు బాగుచేసేవాడా, మెట్ల కింద కొట్టు, కుర్చీ వేస్తే మనిషి పట్టడు, మనిషి దూరితే కుర్చీ పట్టదు. పొద్దస్తమానం కంట్లో భూతద్దం ఇరికించుకుని ఆవగింజంత మరలతో కుస్తీ. చెయ్యి వణికేది కాదు, అది మాత్రం ఒప్పుకోవాలి. ఆ చెయ్యి చూసుకునే పొగరు. ఊళ్ళో ఎయిర్ రైఫిల్ క్లబ్బు పెట్టగానే, "నా చేతిలో సరైన తుపాకీ పడనీ, పతకాలన్నీ మనింటికే" అన్నాడు. ఎనిమిదేళ్ళ పొదుపు ఊడ్చి, షాపులో అన్నిటికంటే ఖరీదైంది ఎత్తుకొచ్చాడు. వెనక చెక్క కుడిచెంప ఆనేలా మలిచి, నిగనిగలాడుతూ... నా పెళ్ళిచీరని కూడా అంత భద్రంగా మడతపెట్టలేదు నేను. క్లబ్బులో ఓ కోచమ్మ ఉండేది. మెళ్ళో ఈల, బక్క మనిషి, మాట సుత్తిదెబ్బ. "అయ్యా, ఫీజు కట్టండి, ముందు నిలబడడం నేర్పుతా" అంటే, "నలభై ఏళ్ళుగా నిలబడే ఉన్నానమ్మా" అన్నాడట ఈ మహానుభావుడు! డబ్బుల్లేక ఆదివారానికి పదే పది పెల్లెట్లు. రెండేళ్ళు అదే వరస. పక్కవాడు పది కాలిస్తే వాడి గురి అట్టకి పదకొండు బొక్కలు, ఆ పదకొండోది మీ తాతది. అదేమంటే, "గాలి" అనేవాడు. నాలుగు గోడల మధ్య ఏం గాలే?

ఒళ్ళు మండి నేనూ చేరా. నవ్వకు. కుట్టుమిషను మీద సంపాదించిందంతా కోచమ్మకీ పెల్లెట్లకీ పెట్టి, క్లబ్బు తుపాకీ అద్దెకి తీసుకున్నా. చెక్క విరిగితే టేపు చుట్టిన ముసలి తుపాకీ. మొదటిరోజు దాన్నీ ముట్టనివ్వలేదు కోచమ్మ. "రెండు కళ్ళూ తెరిచి, చెయ్యి చాచి, బొటనవేలు ఆ తలుపు గడియకి అడ్డం పెట్టు. ఇప్పుడు ఒక్కో కన్నూ మూసి చూడు. ఏ కంటితో చూస్తే వేలు కదలదో అదే నీ గురికన్ను" అంది. నాది కుడి. ఇంటికొచ్చి మీ తాతని నిలబెట్టా. "ఇదేం పిల్లలాటే" అంటూనే చేశాడు. కుడికంటితో చూస్తే వేలు గంతేసి గోడమీదకి పోయింది. ఎడమకంటితో చూస్తే గడియ మీదే! ముప్పై ఏళ్ళు భూతద్దం పెట్టింది ఏ కంట్లో అనుకున్నావ్ మరి? ఖరీదైన కుడిచేతి తుపాకీ కొని, రెండేళ్ళు తప్పు కంటితో కాల్చాడు నా మొగుడు.

మర్నాడు క్లబ్బుకెళ్ళి, ఫీజు కట్టి, ఆ టేపు తుపాకీ ఎడమభుజానికి ఆనించాడు. దానికి ఆ మలచడాలూ గిలచడాలూ లేవుగా, ఎటైనా పట్టుకోవచ్చు. "అమ్మా, నిలబడడం నేర్పు" అన్నాడు. అంతమంది కుర్రాళ్ళ ముందు! ఆ మాట అనడానికి ఆ మనిషి ఎంత... సర్లే. ఏడాది తిరిగేసరికి జిల్లాలో మూడోవాడు. ఆడవాళ్ళలో నేను రెండు, అది నేను చెప్పుకోను.

ఏదీ, లే. చెయ్యి చాచు. రెండు కళ్ళూ తెరిచే ఉంచు. ఆ గడియ మీద వేలు పెట్టావా? ఎడమకన్ను మూయి. ఏమైంది? గోడమీదకి పోయిందా? నిజం చెప్పవే. ఇప్పుడు కుడిది మూయి... కదల్లేదూ?

ఆ పుస్తకంలో నువ్వు సున్నా చుట్టిన తుపాకీ ఏ చేతిదే?

మీ తాత కన్నే. చూశావా, ఎక్కడ దాచిపెట్టిపోయాడో...

పాలు పొంగుతున్నట్టున్నాయి. పో, పొయ్యి కట్టెయ్.