హెడ్డుగారి హెడ్డు మీద కుట్లు

ఉద్దానంలో సముద్రం పక్క ఊరు. ధనరాజుకి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. అతని మీద నేరాలేమైనా ఉన్నాయేమో ఆరా తీయడానికి హెడ్ కానిస్టేబుల్ కూర్మయ్య వచ్చాడు. ధనరాజు తల్లి రత్నాలమ్మ గుమ్మంలో చేపలు తోముతోంది.

"రికార్డేటి బాబూ? మా ఊర్ల రికార్డింగ్ డాన్సులు మానీసి రెండేళ్లయింది."

"ఆ రికార్డు కాదు రత్నాలమ్మా, నేరాల రికార్డు! రైల్వేవోళ్లు పట్టాల మీదకి ఎక్కించేముందు, మనిషి ఎప్పుడైనా పట్టాలు తప్పాడా అని మమ్మల్ని అడుగుతారు. నీ కొడుకు తప్పాడు. నా నెత్తి సూడు!"

"సూసాను. బట్టతల."

"దాని మీద కుట్లు సూడు! వలల కొట్లాటలో విడదీద్దామని దిగితే, సీకట్లో ఎనకమాల నుంచి బాదీసాడు. హెడ్డు మీద తెడ్డు!"

"ఆ కేసు కోర్టే కొట్టీసింది కద బాబూ. దాయకుండా మావోడు రైల్వేవోళ్లకి సెప్పీసాడు కూడాను."

"దాసుంటే అక్కడే ఉద్యోగం ఊడేది. కానీ మనిషెలాటోడో రాయాల్సింది నాను. నన్ను కొట్టినోడు, కేసుని కొట్టీసిన కోర్టు, ఇద్దరూ బాగున్నారు. దెబ్బ నాకు మిగిలింది! రౌడీ అని రాత్తాను."

"ఓలమ్మ! అలా రాయకు బాబూ, గుంటడి బతుకు పోద్ది!"

"పోనీ. మీ ఊర్ల ప్రతి మగాడి మీదా కేసే! మచ్చలేనోడు లోకనాథ్ ఒక్కడే. స్టేషన్ల పాత కేసులన్నీ తిరగేసి మరీ అల్లుణ్ణి సేసుకున్నాను."

"తెల్సు బాబూ. పెళ్లికి వచ్చినాం కద."

"వచ్చి? నాను అల్లుడి కాళ్లు కడుగుతుంటే, నోట్ల కొంగులు కుక్కుకుని ఒకటే నవ్వు!"

"అది... ఈ సందువా సేప పట్టుకెల్తావా? తాజాది."

"పోలీసుకి పొలుసులు అంటించకు! నీ కొడుకు సంగతి సెప్పు."

"ఆడు కొట్లేదు బాబూ. ఆ నాడు నందిగాంల, అత్తోరి తోటల జీడిపిక్కలు ఏరతన్నాడు."

"మరి ఆడి పేరెందుకిచ్చారు?"

"మా వంతు."

"ఏటి?"

"వంతు. పడవల కాపలాకి ఇంటి వరస లేదా? అలాగే. పోలీసులు పేర్లడిగితే వరసలో ఎవులుంటే ఆళ్ల పేరు ఇత్తాం."

"కొట్టినోడి పేరు ఇవ్వరా?"

"ఇత్తే ఎలాగ? ఆడు లోపల కూకుంటే, మళ్లీ కొట్లాటొత్తే ఎవులు కొడతారు? కూకోడం అందరికీ వచ్చు. కొట్టడం ఒక్కడికే వచ్చు. ఆడి పేరు ఎప్పుడూ ఇవ్వం."

"అయితే ఆడెవడో సెప్పు."

"ఊరు ఊరుకోదు."

"సెప్పు! సెప్తే, నీ కొడుకు బంగారమని రాత్తాను. నా పిల్ల మీదొట్టు."

"అయ్యో, ఆ పిల్ల మీద ఒట్టేటి బాబూ! ఆడు మంచోడే. పెళ్లాన్ని పువ్వుల్లో ఎట్టి సూసుకుంటన్నాడు."

"ఎవడు?"

"ఒక్క కేసూ లేదు కద, నువ్వే అన్నావు."

"రత్నాలమ్మా... ఆ నాడు పెళ్లిల మీరు నవ్వింది..."

"మరి నవ్వు రాదేటి బాబూ! నీ నెత్తి పగలగొట్టినోడి కాళ్లు నువ్వే కడిగి, ఆ నీళ్లు తెచ్చి ఆ కుట్ల మీదే జల్లుకుంటివి!"