కొరికిన రొట్టె, కోకంద్ గోడ

సభకు పెద్ద దిక్కుగా కూర్చున్న మా రంగశాల డైరెక్టరు తుర్గున్ అకాకు, ముందు వరుసలోని పెద్దలకు, తెర పక్కనుంచి తొంగి చూస్తున్న మా వాళ్లకు, పలావు కోసమని వచ్చి నా మాటల్లో ఇరుక్కున్న కోకంద్ మిత్రులందరికీ ఈ ఓయ్‌దిన్ సలాం. (నవ్వులు)

ముప్ఫై ఎనిమిదేళ్లు ఈ రంగశాలకు పోస్టర్లు వేశాను. నా బొమ్మల్లో ఇంద్రజాలికులు గాలిలో తేలారు, నిప్పులోంచి నెమళ్లను తీశారు. అయితే ఒక్క గారడీనైనా కళ్లతో చూసి గీసింది లేదు. ఆటగాడు ఊళ్లో దిగేలోపే పోస్టరు గోడెక్కాలి కదా! వాళ్లు ఉత్తరంలో రెండు ముక్కలు రాస్తే మిగతాది నా కుంచె చూసుకునేది. వచ్చాక పోస్టరు ముందు నిలబడి "ఇంత విద్య నాకెక్కడిదమ్మా!" అని నెత్తి కొట్టుకునేవారు. నవ్వకు రుస్తం, నీ మేకను ఒంటె అంత గీశానని నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు నువ్వు. (నవ్వులు)

మిర్‌సాబిత్ అనే ఇంద్రజాలికుడు కూడా అలాగే ఉత్తరం రాశాడు. "రొట్టె తుంచుతాను, మళ్లీ నిండుగా చేస్తాను" అని, అంతే. తుంచిన రొట్టె బొమ్మలో ఏం బాగుంటుంది? అంచున ఒక్క కొరుకు కొరికినట్టు గీశాను. చూడముచ్చటగా ఉందని మురిసిపోయాను కూడా. మన ఇళ్లలో దూరం వెళ్లేవాడు గుమ్మంలో రొట్టె ఒక్కసారి కొరికి వెళ్తాడనీ, మిగిలింది వాడొచ్చి తినేదాకా గోడకు వేలాడుతుందనీ తెలిసిన దాన్నే. రంగుల మధ్య కూర్చుంటే ఆ ఆలోచనే రాలేదు.

ఆట రోజున గుమ్మం దగ్గర ఆరుగురు ఆడవాళ్లు, ఒళ్లో గుడ్డల మూటలు, వాటిలో కొడుకులు కొరికి వెళ్లిన రొట్టెలు. అప్పుడు మన పిల్లలు ఎంతోమంది సైన్యంలో ఉన్నారు. మిర్‌సాబిత్ తెర సందులోంచి చూసి, "కొంప ముంచావు ఓయ్‌దిన్!" అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వాళ్లలో బుస్తాన్ ఖాలా మూటతో సరాసరి రంగస్థలం ఎక్కేసింది. "నాయనా, మావాడెళ్లి రెండేళ్లయింది. ఉత్తరం ముక్క లేదు. ఇది నిండుగా చేసిపెట్టు, వాడొచ్చేస్తాడు" అంది.

అతను తొడుక్కున్న చపాన్ అంగీ లోపల నిండు రొట్టె సిద్ధంగా ఉంది. మార్చడానికి రెప్పపాటు చాలు. చెయ్యి లోపలికి వెళ్లింది. ఖాళీగా బయటికొచ్చింది.

"అమ్మా, నేను నిండుగా చేసేస్తే నీ కొడుకొచ్చి ఏం తింటాడు? వాడి పంటి గుర్తు చెరిపే హక్కు నాకు లేదు. తీసుకెళ్లి మేకుకే తగిలించు" అన్నాడు.

ఆ కొడుకు ఆ చలికాలంలోనే వచ్చాడు. ఇప్పుడు బయట మన పలావు వండుతున్నది అతనే, ఉప్పు ఎక్కువైతే అతన్నే అడగండి. (నవ్వులు)

ఆ తర్వాత మిర్‌సాబిత్ ఏటా వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం నా గదిలో కూర్చోబెట్టి ఆ రొట్టె గారడీ నాకు నేర్పాడు. ఆఖరిసారి దూరదేశాల్లో ఆటలున్నాయంటూ నా గది గుమ్మంలో నిలబడి, రొట్టె ఒక్కసారి కొరికి, "తగిలించు ఓయ్‌దిన్" అన్నాడు. ఇరవై ఆరేళ్లయింది. అది ప్రేమా అని మీలో ఒక్కరూ నన్ను అడగలేదు. మర్యాదస్తులు. అడిగి ఉంటే అవుననే చెప్పేదాన్ని. గదికి సున్నం వేసిన ప్రతిసారీ ఆ రొట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గుమ్మంలో ఎవరి నీడ పడినా ఇప్పటికీ కుంచె ఆగిపోతుంది.



రేపటి నుంచి ఆ గది షోహిస్తాది. పిల్ల కంప్యూటర్లో నాకన్నా బాగా గీస్తుంది, కుళ్లుకుంటూనే చెబుతున్నాను. నిన్న తుర్గున్ అకా నాతో, "ఓయ్‌దిన్ ఓపా, వీడ్కోలు సభలో ఆ గోడమీది రొట్టెనే నిండుగా చేసి చూపించండి, జనం నోరెళ్లబెడతారు" అన్నారు. సరేనన్నాను. ఇందాక మీరంతా కలిసి నాకు చపాన్ కప్పారే, ఆ సందట్లో నిండు రొట్టెను ఆ చపాన్ పొడుగు చేతుల్లోకి జార్చేశాను. ఎవరైనా చూశారా? (చప్పట్లు) చూడలేదు కదా. గురువు మంచివాడు.

ఇదిగో నిండు రొట్టె, బల్ల మీద పెడుతున్నాను. అందరూ తుంచుకుని తినండి. ఈ గుడ్డలో ఉన్నది మిర్‌సాబిత్‌ది. దీని మీద చెయ్యి వేద్దామనే ఇంతదాకా వచ్చాను, తుర్గున్ అకా, మన్నించండి. నా వల్ల కాదు.

నన్ను భరించిన ఈ రంగశాలకు, నా బొమ్మలు నమ్మి టిక్కెట్టు కొన్న ఈ ఊరికి రుణపడి ఉంటాను. షోహిస్తా, ఒక్క మాట. ఎవరైనా వచ్చి ఖాళీ మేకు చూసి "నా రొట్టె ఏది?" అని అడిగితే, మా వీధి చెప్పి పంపు తల్లీ. ఇంట్లో పొద్దున్నే మేకు కొట్టి వచ్చాను.

సెలవు.